వాలిన బొద్దక్షరం: నెల్లూరు, ఒంగోలు ఫ్లెక్సీల మీద తెలుగు ఎందుకు చెడుతోంది?

క్లుప్తంగా: బాగా లావుగా, కుడివైపు వాలి ఉండే అక్షరాలు పోస్టర్‌కు ఊపునిస్తాయి. ఇంగ్లిష్‌లో ఇలాంటి అక్షరాలను వాలుకు తగ్గట్టు విడిగా గీస్తారు. తెలుగులో అలా గీసిన ఫాంట్లు చాలా తక్కువ. అందుకని మామూలు అక్షరాన్నే కంప్యూటర్ లావు చేసి వంచుతోంది. ఆ క్రమంలో గుడి ఒకవైపు, వత్తు ఇంకోవైపు జరుగుతాయి, లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. రెండు మూడు మాటల శీర్షికకు, చేత్తో సరిదిద్దుకుంటే, ఈ తీరు బాగుంటుంది. పేర్లకు, తేదీలకు, వివరాలకు నిటారు అక్షరమే మేలు.

నెల్లూరు ట్రంకు రోడ్డు మీద గానీ ఒంగోలులో కర్నూలు రోడ్డు మీద గానీ కాసేపు నడిస్తే చాలు, ఈ అక్షరం ఎదురవుతూనే ఉంటుంది. పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ, రొయ్యల మేత దుకాణం బోర్డు, క్రికెట్ టోర్నమెంట్ పోస్టర్, ఆటో వెనక రేడియం స్టిక్కర్. పేర్లు మారతాయి, రంగులు మారతాయి. అక్షరం తీరు మాత్రం అదే: బాగా లావు, కుడివైపు వాలు, చుట్టూ తెల్లటి గీత, కింద నల్లటి నీడ.

దాంతోపాటు ఒక ఫిర్యాదు కూడా తరచూ వినిపిస్తుంది. ఫోన్‌లో పంపినప్పుడు చక్కగా ఉన్న మేటర్, ఫ్లెక్సీ అయ్యేసరికి చదవడానికి కష్టంగా మారుతోంది. వత్తులు పక్క అక్షరం కిందికి పోతున్నాయి. దీర్ఘం ఉందో లేదో తెలియడం లేదు. 'ద', 'ధ', 'థ' ఒకేలా కనిపిస్తున్నాయి. తప్పు షాపువాళ్లదని కొందరు, ఫాంటుదని కొందరు, తెలుగు లిపే ఇలాంటి వాటికి పనికిరాదని ఇంకొందరు అంటారు. చివరి మాట పూర్తిగా తప్పు. మొదటి రెండింటిలో కొంత నిజం ఉంది. కానీ అసలు కారణం ఇంకోటి. ఇంగ్లిష్ అక్షరం అవసరాల కోసం పుట్టిన రెండు బటన్లను (లావు చేసే బి, వాల్చే ఐ) తెలుగు అక్షరం మీద ఆలోచించకుండా నొక్కేస్తున్నారు.

వాలు ఒకచోట, లావు ఇంకోచోట

వాలు అక్షరం, అంటే ఇటాలిక్, పుట్టింది ఇటలీలోనే. వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త 1501లో వర్జిల్ కావ్యాలను చేతిలో పట్టే చిన్న పుస్తకంగా వేశాడు. పెద్దబడి అక్షరాలు తప్ప పుస్తకం మొత్తం వాలు అక్షరాలే. ఆ అచ్చులు చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. అప్పటి పండితులు కలంతో గబగబా రాసుకునే చేతిరాతకు అది అచ్చు రూపం. అంటే అక్కడ వాలు అలంకారంగా రాలేదు, రాసే చేతి వేగం నుంచి వచ్చింది. అందుకే ఇంగ్లిష్ ఇటాలిక్‌లో అక్షరం వంగి ఊరుకోదు, ఆకారమే మారుతుంది. నిటారుగా ఉన్నప్పుడు రెండు అంతస్తులుండే చిన్నబడి 'ఎ', ఇటాలిక్‌లో ఒక్క గుండ్రంగా అయిపోతుంది. చిన్నబడి 'ఎఫ్' తోక చాలా ఫాంట్లలో గీత కిందికి దిగుతుంది.

లావు అక్షరం కథ వేరు. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో లాటరీలు, నాటకాలు, సరుకుల ప్రకటనలు గోడలకెక్కాయి. పుస్తకంలోని సన్న అక్షరం గోడ మీద ఆనదు. రాబర్ట్ థోర్న్ వంటి అచ్చు తయారీదారులు నిలువు గీతలను విపరీతంగా లావు చేసి, అడ్డగీతలను బాగా సన్నగా ఉంచి, 'ఫ్యాట్ ఫేస్' అనే కొత్త రకం అక్షరాలు తెచ్చారు. వాటికి వాలు జతలు కూడా వచ్చాయి. ఈనాటి బోల్డ్ ఇటాలిక్ పోస్టర్ అక్షరాలకు మూలం అక్కడే ఉంది. లావుగీతకూ సన్నగీతకూ మధ్య పెద్ద తేడా, గీతల చివర బంతుల్లాంటి ముగింపులు, ముందుకు దూకుతున్నట్టున్న వాలు వాటి లక్షణాలు. 1845లో రాబర్ట్ బెస్లీ తెచ్చిన క్లారెండన్ అక్షరం ఇంకో పని చేసింది. మామూలు వాక్యం మధ్యలో ఒక మాటను మాత్రం లావుగా చూపించే అలవాటు దానితో బలపడింది. ఆ తర్వాత అమెరికాలో ఓస్వాల్డ్ కూపర్ గీసిన కూపర్ బ్లాక్ (1922), దానికి జతగా వచ్చిన ఇటాలిక్, అంచులన్నీ మెత్తగా గుండ్రంగా ఉండి దుకాణం బోర్డులకూ, తినుబండారాల పొట్లాలకూ బాగా నప్పాయి.

గమనించాల్సింది ఒకటే. ఈ అక్షరాలన్నీ ఎవరో ఒకరు ఒక్కొక్కటీ కూర్చుని గీసినవి. లావు పెంచినచోట లోపలి ఖాళీ మిగిలేలా గీత మలుపు మార్చారు. వాల్చినచోట గుండ్రం సాగిపోకుండా సరిచేశారు. కంప్యూటర్లు వచ్చాక ఇంగ్లిష్ ఫాంట్ అంటే నాలుగు ఫాంట్ల కట్ట అయింది: మామూలు, ఇటాలిక్, బోల్డ్, బోల్డ్ ఇటాలిక్. బి, ఐ బటన్లు నొక్కితే ఆ కట్టలోని ఇంకో ఫాంట్ వచ్చి కూర్చుంటుంది.

తెలుగులో ఆ కట్ట చాలా అరుదు. నెల్లూరు జిల్లా మూలాలున్న వావిళ్ళ రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో ముద్రణాలయం పెట్టిన కాలం నుంచి సీసపు అచ్చుల రోజులు ముగిసేదాకా తెలుగు పుస్తకం ప్రధానంగా నిటారుగానే నడిచింది. ఒక మాటను ఎత్తి చూపాలంటే ఉటంకింపు గుర్తులు, పెద్ద సైజు, బొద్దక్షరం ఉండేవి. గుణింతాలు, వత్తులు కలుపుకుంటే తెలుగు కంపోజింగ్‌కు వందల కొద్దీ అచ్చులు కావాలి. అన్నింటికీ వాలు జతను పోతపోయించడం పెద్ద ఖర్చు. పాఠకుడు అడగనూ లేదు. కంప్యూటర్ కాలంలోనూ అదే కొనసాగింది. విండోస్‌లో వచ్చే గౌతమికి, నిర్మలా యూఐకి బోల్డ్ ఉంది, ఇటాలిక్ లేదు. గూగుల్ వారి నోటో సాన్స్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు దాకా తొమ్మిది బరువులు (లావు మెట్లు) ఉన్నాయి, ఇటాలిక్ మాత్రం లేదు. సిలికానాంధ్ర సంస్థ ద్వారా ఉచితంగా అందిన రామభద్ర ఫాంట్ పోస్టర్ల కోసమే గీసినది. అది ఒకే ఒక్క బరువులో ఉంటుంది.

మరి ఐ బటన్ నొక్కితే తెలుగు అక్షరం ఎలా వాలుతోంది? అక్కడ కొత్త ఫాంట్ ఏదీ రావడం లేదు. ఉన్న అక్షరాన్నే సాఫ్ట్‌వేర్ పక్కకు తోస్తోంది. వాట్సాప్‌లో మాటకు రెండు వైపులా అండర్‌స్కోర్ పెట్టినా చాలా ఫోన్లలో ఇదే జరుగుతుంది.

వంచితే ఎటు జరుగుతుంది

ఈ తోయడంలో ఒక లెక్క ఉంది. అది తెలిస్తే ఫ్లెక్సీ మీద కనిపించే లోపాల్లో సగం అర్థమవుతాయి.

అక్షరాలు కూర్చునే గీత కదలదు. గీతకు పైనున్నదంతా కుడికి జరుగుతుంది, ఎంత ఎత్తులో ఉంటే అంత ఎక్కువగా. గీతకు కిందనున్నదంతా ఎడమకు జరుగుతుంది, ఎంత లోతులో ఉంటే అంత ఎక్కువగా. వెబ్ పేజీల ప్రమాణాల్లో ఇలాంటి వాలుకు మామూలు కోణం 14 డిగ్రీలు. ఆ కోణంలో ప్రతి నాలుగు అంగుళాల ఎత్తుకు ఒక అంగుళం పక్కకు జరుగుతుంది.

ఇంగ్లిష్ అక్షరాలకు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. చాలావరకు గీతకు పైనే ఉంటాయి కాబట్టి అన్నీ కలిసి ఒకేవైపు వాలతాయి. తెలుగు అక్షరం మూడు అంతస్తుల్లో ఉంటుంది. పైన తలకట్టు, గుడి, ఏత్వం. మధ్యలో అక్షరం ఒళ్లు. కింద వత్తు. ఒళ్లు 12 అంగుళాలుండి, దాని మీద 4 అంగుళాల గుడి, కింద 8 అంగుళాల వత్తు ఉందనుకుందాం. 14 డిగ్రీలు వాలిస్తే గుడి కొస 4 అంగుళాలు కుడికి పోతుంది. వత్తు కొస 2 అంగుళాలు ఎడమకు పోతుంది. నిటారుగా ఉన్నప్పుడు ఒకదాని కింద ఒకటి ఉన్నవి ఇప్పుడు ఒకదానికొకటి 6 అంగుళాలు దూరమయ్యాయి.

కృష్ణపట్నం అనే పేరును ఇలా వంచితే కింద ఉన్న ణ వత్తు, న వత్తు రెండూ ఎడమకు జరిగి, తమవి కాని అక్షరాల కిందికి చేరడం మొదలుపెడతాయి. బుచ్చిరెడ్డిపాళెం ఇంకా కష్టం. 'చ్చి'లో గుడి కుడికి, చ వత్తు ఎడమకు లాగుతాయి. ఆ వత్తు వెళ్లి ముందున్న 'బు' కొమ్ముకు దగ్గరవుతుంది. రెండు అక్షరాల తర్వాత 'డ్డి'లోనూ ఇదే మళ్లీ. చదివేవాడు ఊరి పేరు తెలిసినవాడైతే ఎలాగో పోల్చుకుంటాడు. విజయవాడ నుంచో చెన్నై నుంచో వచ్చినవాడికి అది పజిలే. కనిగిరి, పొదిలి, కావలి వంటి పేర్లకు వత్తులు లేవు కాబట్టి అవే వంపును బాగా తట్టుకుంటాయి. అంటే ఒకే షాపులో, ఒకే ఫాంట్‌తో, ఒకే కోణంలో చేసిన రెండు బోర్డుల్లో ఒకటి బాగుండి ఇంకోటి చెడిపోవడానికి కారణం డిజైనర్ శ్రద్ధలో తేడా కాకపోవచ్చు. ఊరి పేరులోని వత్తుల సంఖ్య కావచ్చు.

ఇంకో ఇబ్బంది గుండ్రానికి సంబంధించినది. తెలుగు అక్షరాల్లో చాలావాటి ఒళ్లు గుండ్రంగా ఉంటుంది. గుండ్రాన్ని పక్కకు తోస్తే అది గుండ్రంగా వాలదు, ఒక మూల నుంచి ఇంకో మూలకు సాగిన కోడిగుడ్డులా అవుతుంది. పైన కుడి, కింద ఎడమ మూలల్లో మలుపు బిగిసిపోయి, మిగిలిన రెండు మూలల్లో చదునవుతుంది. గీత మందం కూడా ఒక్కోచోట ఒక్కోలా మారుతుంది. దీన్ని చేత్తో గీసే ఆర్టిస్టు తెలియకుండానే సరిచేస్తాడు. సాఫ్ట్‌వేర్ సరిచేయదు. పైగా తెలుగు తలకట్టు స్వభావంగానే కుడివైపు లేచి ఉంటుంది. నిటారు అక్షరంలోనే కొంత ఊపు ఉందన్నమాట. దానిమీద ఇంకో 14 డిగ్రీలు వాలిస్తే తలకట్టు పడిపోయినట్టు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే కోణం తెలుగుకు ఎక్కువవడానికి ఇదొక కారణం. 6 నుంచి 8 డిగ్రీల వాలు తెలుగులో చాలినంత వేగం చూపిస్తుంది.

లావు చేస్తే ఏది మాయమవుతుంది

వాలు కంటే లావు చేసే నష్టం పెద్దది. అయితే అంత తొందరగా కంటికి ఆనదు.

తెలుగులో చాలా అక్షరాల మధ్య తేడా ఒక చిన్న చుక్కలోనో చిన్న గీతలోనో ఉంటుంది. 'ర' లోపల చుక్క పెడితే 'ఠ'. 'ద' కింద గీత పెడితే 'ధ', లోపల చుక్క కూడా చేరితే 'థ'. 'ప' కింద గీత చేరితే 'ఫ', 'డ' కింద చేరితే 'ఢ'. అచ్చుల్లో ఎత్వానికీ ఏత్వానికీ, గుడికీ గుడిదీర్ఘానికీ తేడా పైనున్న చిన్న తోక. గీతను లావు చేస్తూ పోతే లోపలి ఖాళీ తగ్గుతుంది, చుక్క గోడకు అంటుకుంటుంది, తోక పక్కనున్న వంపులో కలిసిపోతుంది. 'మేడ అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డులో ఏత్వం తోక పోతే మిగిలేది 'మెడ'. పేర్ల విషయంలో ఇది ఇంకా ఇబ్బంది. మామూలు మాటైతే సందర్భాన్ని బట్టి పోల్చుకోవచ్చు. ఇంటిపేరులో దీర్ఘం పోతే అది వేరే ఇంటిపేరు అవుతుంది.

పోస్టర్ కోసమే గీసిన లావు ఫాంట్‌లో ఈ సమస్యను ముందే చూసుకుంటారు. చుక్క ఉన్న అక్షరంలో గోడ గీతను కాస్త సన్నం చేస్తారు, అక్షరాన్ని వెడల్పు చేసి ఖాళీ మిగులుస్తారు, వత్తు గీతను ఒళ్లంత లావుగా ఉంచరు. రామభద్ర, బలూ తమ్ముడు వంటివి బాగా లావుగా ఉండి కూడా చదవగలిగేలా ఉండటానికి కారణం ఇదే. కానీ ఇప్పటికే లావుగా ఉన్న రామభద్ర మీద మళ్లీ బి బటన్ నొక్కితే, సాఫ్ట్‌వేర్ గీతలన్నింటినీ సమానంగా ఉబ్బిస్తుంది. గీసినవారు జాగ్రత్తగా మిగిల్చిన ఖాళీలన్నీ పోతాయి. ఇది చాలా ఫ్లెక్సీల్లో జరుగుతున్న పొరపాటు. మానుకోవడానికి పైసా ఖర్చు లేదు.

షాపులో ఏం జరుగుతుంది

డీటీపీ సెంటర్లలో, ఫ్లెక్సీ షాపుల్లో తెలుగు పని ఎక్కువగా అను ఫాంట్లతో, కోరల్ డ్రాలోనో ఫోటోషాప్‌లోనో నడుస్తూ వచ్చింది. ఈ ఫాంట్లు యూనికోడ్‌కు (ఫోన్లలో, వెబ్‌లో ఇప్పుడు వాడే ఉమ్మడి అక్షర పద్ధతికి) ముందు పద్ధతివి. ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను పెట్టి, ఒక్కో గుణింతాన్ని ముక్కలు కలిపి కడతాయి. పాత సాఫ్ట్‌వేర్లకు యూనికోడ్ తెలుగులో వత్తులు సరిగ్గా కూర్చడం వచ్చేది కాదు. అందుకే ఈ పద్ధతి స్థిరపడింది. డిజైనర్లు దాని మీదే చేయి తిప్పుకున్నారు. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ మేటర్‌ను మళ్లీ టైప్ చేయాలి, లేదా కన్వర్టర్‌లో వేయాలి. వత్తులు తప్పడానికి మొదటి అవకాశం ఇక్కడే.

ఆ తర్వాత వాలు. కోరల్‌లో అక్షరాలను రెండుసార్లు క్లిక్ చేస్తే పైన, కింద బాణాలు వస్తాయి. పైదాన్ని కుడికి లాగితే స్క్యూ అవుతుంది, అంటే అక్షరం పక్కకు వాలుతుంది. కోణం కంటికి నచ్చినంత. తొందరలో అది 20 డిగ్రీలు కూడా దాటొచ్చు.

తర్వాత లావు. ఫాంట్‌లో బోల్డ్ లేకపోతే అక్షరం రంగులోనే మందపాటి ఔట్‌లైన్ ఇస్తారు. ఔట్‌లైన్ అక్షరం అంచుకు రెండు వైపులా సమానంగా పాకుతుంది. బయటికి ఎంత పెరిగితే అక్షరం లోపలి ఖాళీలోకీ అంతే పెరుగుతుంది. దాని మీద తెల్లటి ఔట్‌లైన్ ఇంకోటి ఇస్తే సమస్య తిరగబడుతుంది. తెల్లగీతలో సగం అక్షరం మీదికి ఎక్కి, సన్నగా ఉన్న భాగాలను తినేస్తుంది. ఔట్‌లైన్‌ను అక్షరం వెనక్కి పంపే ఆప్షన్ కోరల్‌లో ఉంది. ఒక టిక్కు పెడితే చాలు, అక్షరం పాడవకుండా తెల్లటి అంచు వస్తుంది. ముక్కలుగా కట్టిన ఫాంట్‌లో ఔట్‌లైన్ ఇస్తే, గుడి, వత్తు అక్షరానికి అతుక్కున్న చోట్ల లోపలి గీతలు బయటపడి అక్షరం కోసినట్టు కనిపిస్తుంది. ముందు అక్షరాలను కర్వ్స్‌గా (గీతల బొమ్మగా) మార్చి వెల్డ్ చేస్తే, అంటే ముక్కలను ఒకటిగా కలిపేస్తే, ఆ గీతలు పోతాయి. పనితనం తెలిసిన డిజైనర్లు ఇది చేస్తారు. చేయనివారి ఫ్లెక్సీని దూరం నుంచే గుర్తుపట్టవచ్చు.

ఇక్కడ షాపువాళ్లకు న్యాయం చేయాల్సిన మాట ఒకటుంది. పెళ్లిళ్ల ముహూర్తాలున్న వారంలో, పండగ ముందు, ఎన్నికల రోజుల్లో వీళ్ల మీద ఉండే టెన్షన్ మామూలుది కాదు. సాయంత్రం ఇచ్చిన మేటర్ తెల్లారేసరికి ఐలెట్లు కొట్టి కట్టేసి ఉండాలంటారు. వత్తులు ఒక్కొక్కటీ జరిపి కూర్చోబెట్టే సమయం ఆ గంటల్లో ఉండదు. ఫ్లెక్సీకి చదరపు అడుగు లెక్కన డబ్బిస్తారు, అక్షరాలు సరిచేసినందుకు విడిగా ఎవరూ ఇవ్వరు.

ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ వద్దు

వాలిన లావు అక్షరం రెండు సంగతులు చెబుతుంది: బలం, వేగం. ఆ రెండూ విషయంలో ఉన్నచోట అది చక్కగా అమరుతుంది. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల పోస్టర్ దీనికి మంచి ఉదాహరణ. బండను లాగే గిత్తల జత ఒళ్లంతా ముందుకు వంచి ఉంటుంది. పైన శీర్షిక కూడా అదే దిశలో వాలితే బొమ్మా మాటా ఒకటవుతాయి. కానీ ఆ పోస్టర్‌లో శీర్షిక తర్వాత ఉండేదంతా సమాచారం: రెండు పళ్ల విభాగం, నాలుగు పళ్ల విభాగం, ఆరు పళ్ల విభాగం, సీనియర్స్, ఒక్కోదానికి బహుమతుల వరుస, దాతల పేర్లు, ఫోన్ నంబర్లు. రైతు దగ్గరికెళ్లి వేలు పెట్టి చదివే భాగం అది. దాన్నీ వంచితే ఎవరు ఏ బహుమతి ఇస్తున్నారో వెతుక్కోవాల్సి వస్తుంది. శీర్షిక వాలి, కింది పట్టిక నిటారుగా ఉంటే శీర్షిక బలం కూడా పెరుగుతుంది. అన్నీ వాలితే ఏదీ వాలినట్టు కనిపించదు.

కబడ్డీ, క్రికెట్ పోటీలు, జిమ్‌లు, బైక్ మెకానిక్ షాపులు, ట్రావెల్స్ బస్సులు, కొత్త సినిమా విడుదల ఫ్లెక్సీలు ఇదే కోవలోకి వస్తాయి. నెల్లూరు చేపల పులుసు పేరుతో నడిచే హోటళ్ల బోర్డులకు కూడా లావు అక్షరం బాగుంటుంది. అయితే అక్కడ కావలసింది వేగం కంటే నోరూరించడం కాబట్టి, పదునైన వాలు కంటే గుండ్రటి లావు ఎక్కువ పనిచేస్తుంది. కూపర్ బ్లాక్ తినుబండారాలకు నప్పడానికి కారణమైన ఆ మెత్తదనం తెలుగు లిపిలో పుట్టుకతోనే ఉంది.

నప్పని చోట్లు కూడా స్పష్టమే. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద 14 డిగ్రీలు వాలి, పసుపు ఔట్‌లైన్‌తో మెరిసే అక్షరం చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. డిజైన్ ఫైలు పాత పుట్టినరోజుదై, ఫొటో, పేరు మాత్రం మార్చినప్పుడు ఇలా జరుగుతుంది. నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు, వాళ్లలో ఇతర రాష్ట్రాల వారూ ఉంటారు. స్వర్ణాల చెరువు ఘాట్‌కు దారి, తాగునీరు, ప్రథమ చికిత్స చూపే బోర్డు ఆ రద్దీలో ఒక్క చూపులో అర్థం కావాలి. అక్కడ నిటారు అక్షరం, ఎక్కువ ఖాళీ, తక్కువ మాటలు తప్ప వేరే మార్గం లేదు. శుభలేఖల సంగతి మధ్యస్థం. అక్కడ వాలు బాగానే ఉంటుంది గానీ లావు నప్పదు. బాపు చేతిరాత ఆధారంగా వచ్చిన అక్షరాలు శుభలేఖల్లో ఇన్నేళ్లుగా నిలవడానికి కారణం వాటిలోని ఒంపు కలం నుంచి వచ్చింది కావడమే.

హైవే బోర్డుది వేరే లెక్క. నెల్లూరు, ఒంగోలు రెండూ 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. బోర్డులు చేసేవారి మోటు లెక్క ప్రకారం పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు అక్షరం కావాలి. 300 అడుగుల నుంచి చదివించాలంటే 30 అంగుళాల అక్షరం. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 73 అడుగులు కదులుతుంది. అంటే డ్రైవర్‌కు దొరికేది నాలుగు సెకన్లు. రోడ్డు చూస్తూ ఆ నాలుగు సెకన్లలో చదవగలిగేది రెండు మూడు మాటలే. తెలుగులో గుడి, వత్తు కలిపితే వరుస ఎత్తు ఒళ్లు ఎత్తుకు దాదాపు రెట్టింపవుతుంది. 30 అంగుళాల అక్షరానికి సుమారు 60 అంగుళాల పట్టీ వదలాలి. ఇంగ్లిష్ బోర్డు కొలతలతో తెలుగు బోర్డు చేసినప్పుడు ఆ స్థలం దొరక్క అక్షరాన్ని నొక్కేస్తారు. నొక్కిన అక్షరాన్ని మళ్లీ లావు చేసి వాలిస్తే 300 అడుగుల నుంచి కనిపించేది రంగు మరక మాత్రమే.

రాయి, రేడియం, ఎల్‌ఈడీ

అక్షరం ఏ వస్తువు మీద పడుతుందో దాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మీద శిలాఫలకాలు, ఇంటి పేర్ల పలకలు చెక్కుతారు. ఆ నల్లరాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. సన్నగీత ఆ మెరుపుల్లో కలిసిపోతుంది కాబట్టి ఇక్కడ లావు నిజంగా అవసరం. కానీ ఇసుక కొట్టి చెక్కే పద్ధతిలో రాయి మీద స్టెన్సిల్ అతికిస్తారు. అక్షరం లోపలి ఖాళీ ఆ స్టెన్సిల్‌లో ఒంటరిగా మిగిలిన చిన్న తునక. లావు పెరిగేకొద్దీ ఆ తునక చిన్నదై, ఇసుక వేగానికి లేచిపోతుంది. అప్పుడు 'ర' మొత్తం గుంట పడుతుంది. ఫ్లెక్సీ అయితే మళ్లీ వేయవచ్చు, రాయిని మార్చాలి.

లారీల మీద, బైకుల మీద అంటించే రేడియం స్టిక్కర్లలోనూ ఇదే ఇబ్బంది ఇంకో రూపంలో ఉంటుంది. యంత్రం కోసిన షీటు నుంచి అక్కర్లేని ముక్కలను చేత్తో పీకాలి. చుక్కలు, చిన్న ఖాళీలు ఎక్కువైతే కొన్ని పీకడం మర్చిపోతారు, కొన్ని ఉండాల్సినవి ఊడిపోతాయి. వాలు వల్ల ఇక్కడ పెద్ద నష్టం లేదు, వాహనం కదిలే దిశలో వాలితే అందంగానే ఉంటుంది. బండికి ఎడమవైపు అంటించిన పేరు మాత్రం వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది. అక్కడ బండి ముందు భాగం చూసేవారికి ఎడమచేతి వైపు ఉంటుంది కాబట్టి, కుడికి వాలిన అక్షరం బండి వెనక్కి వాలినట్టే అవుతుంది. తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, ఆ పక్కన బండి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. వేగం చూపించాల్సిన వాలు ఒక పక్క పనిచేసి, ఇంకో పక్క బండికి ఎదురు తిరుగుతుంది.

దుకాణాల ముందు పరిగెత్తే ఎల్‌ఈడీ బోర్డుల్లో ఈ శైలి అసలే పనికిరాదు. ఎక్కువగా వాడే పీ10 పలకలో నిలువునా ఉండేవి 16 చుక్కలే. ఆ 16లో గుడి, ఒళ్లు, వత్తు మూడూ ఇమడాలి. 14 డిగ్రీల వాలుకు పై నుంచి కిందికి నాలుగు చుక్కల జరుగుడు వస్తుంది, అదీ మెట్లు మెట్లుగా. లావు పెంచితే ఖాళీకి ఒక్క చుక్క కూడా మిగలదు.

2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించినప్పటి నుంచి గుడ్డ బ్యానర్ల మాట కూడా వినిపిస్తోంది. గుడ్డ మీద సిరా కొంచెం పాకుతుంది. ప్లాస్టిక్ మీద తెరిచి ఉన్న చిన్న ఖాళీ గుడ్డ మీద మూసుకుపోతుంది. గుడ్డకు వెళ్లేవారు లావును ఒక మెట్టు తగ్గించుకోవాలి.

ఇక ముందు

పరిష్కారం ఫాంట్ గీసేవారి చేతిలో కొంత, షాపులో కొంత, ఆర్డరిచ్చేవారి దగ్గర కొంత ఉంది. 2016లో వచ్చిన వేరియబుల్ ఫాంట్ల పద్ధతిలో బరువుకు ఒక మీట, వాలుకు ఒక మీట పెట్టవచ్చు. తెలుగుకు ఇది చాలా ఉపయోగం. వాలు పెరిగేకొద్దీ వత్తు ఎడమకు జారకుండా తన అక్షరం కిందే ఉండేలా, గుండ్రం గుడ్డులా సాగకుండా, గీసేవారే ముందుగా నిర్ణయించవచ్చు. ఇప్పటికి తెలుగు ఫాంట్లలో బరువు మీట కనిపిస్తోంది గానీ, తెలుగు లిపి కోసం ఆలోచించి పెట్టిన వాలు మీట అరుదు. గీయాలంటే వందల రూపాలను మళ్లీ చూసుకోవాలి, అందుకు డబ్బు, ఓపిక రెండూ కావాలి. పోస్టర్లకు ఇంత గిరాకీ ఉన్న భాషలో అది ఎవరో ఒకరు చేయాల్సిన పని.

అది వచ్చేలోగా ఆర్డరిచ్చేవారు షాపులోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. పది అడుగుల వెడల్పు ఫ్లెక్సీ డిజైన్‌ను ఏ4 కాగితం మీద అడ్డంగా ప్రింట్ తీస్తే అది దాదాపు పదో వంతు సైజు. ఆ కాగితాన్ని గోడకు అంటించి పది అడుగుల దూరంలో నిలబడితే, అసలు ఫ్లెక్సీని సుమారు వంద అడుగుల నుంచి చూసినట్టే. ఆ మేటర్ ముందే తెలిసినవారు కాకుండా, షాపుకు వచ్చిన ఇంకెవరినైనా పేర్లు బయటికి చదవమనాలి. ఒక్క వత్తు దగ్గరైనా వాళ్లు తడబడితే ముందు ఔట్‌లైన్ తగ్గించాలి, తర్వాత వాలును 8 డిగ్రీలకు దింపాలి, ఆ పైన జారిన వత్తులను ఒక్కొక్కటిగా వెనక్కి జరపాలి. అప్పటికీ తడబడితే ఆ పేరును నిటారుగా పెట్టి అచ్చుకు పంపడమే మంచిది.